అవే చెవిపోగులు: క్రైస్తవ ఆరాధనలో అందం గురించి ఒక పాత వివాదం

నిర్గమకాండంలో చెవిపోగుల ప్రస్తావన రెండు చోట్ల వస్తుంది. మోషే సీనాయి కొండ దిగిరావడం ఆలస్యమైనప్పుడు అహరోను జనం చెవులకున్న బంగారు పోగులను తీయించి, పోతపోసి, పోగరతో చెక్కి దూడను చేశాడు. మూడు అధ్యాయాల తర్వాత అదే జనం ముక్కరలు, పోగులు, ఉంగరాలు మళ్లీ తెచ్చి మోషే ముందు పెట్టారు. ఈసారి వాటితో తయారైంది ప్రత్యక్ష గుడారం. లోహం ఒకటే. ఇచ్చిన చేతులూ అవే. కంసాలి నైపుణ్యంలో కూడా పెద్ద తేడా ఉండి ఉండదు. అయినా దూడ విగ్రహారాధనకు మారుపేరైంది, గుడారం దేవుడు తన ప్రజల మధ్య నివసించిన చోటైంది.

ఆరాధనలో అందానికి చోటు ఉందా, ఉంటే ఎంత అన్న విషయం మీద క్రైస్తవులు దాదాపు రెండు వేల ఏళ్లుగా వాదించుకుంటున్నారు. తెలుగు సంఘాల్లోనూ ఈ వాదం వినిపిస్తూనే ఉంటుంది. మందిరం కట్టే ప్రతి చోటా ఒకరు 'దేవుని ఇల్లు కదా, ఘనంగా ఉండాలి' అంటారు, ఇంకొకరు 'దేవుడు గోడలు చూస్తాడా, హృదయాన్ని చూస్తాడు గానీ' అంటారు. ఇద్దరి దగ్గరా వాక్యాధారం ఉంటుంది కాబట్టి వాదం తేలదు. నాకు అర్థమైనంతలో, ఇక్కడ ఒకే ప్రశ్న ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లోపల చాలా ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. వస్తువునే దేవుడిగా కొలుస్తామేమోనన్న భయం ఒకటి. పేదవాడి నోటి దగ్గరి కూడు తీసి రాతికి పెడుతున్నామా అన్నది మరొకటి. అందం మనసును ప్రార్థన నుంచి పక్కకు లాగుతుందేమోనన్న అనుమానం ఇంకొకటి. ఇవన్నీ దాటాక, అందం అంటే ఎవరి అందం అన్న ప్రశ్న మిగులుతుంది. ఒకదానికి చెప్పిన జవాబును ఇంకోదానికి అంటగట్టడం వల్లే సంఘాలు చాలాసార్లు చీలిపోయాయి.

ముందు లేఖనాల దగ్గరే కాస్త ఆగుదాం. దేవుడు స్వయంగా 'నా ఆత్మతో నింపాను' అని పేరు పెట్టి చెప్పిన తొలి మనిషి ప్రవక్తా కాదు, రాజూ కాదు. యూదా గోత్రానికి చెందిన బెసలేలు అనే పనివాడు. బంగారం, వెండి, ఇత్తడి పనులు చేయడానికి, రత్నాలు సానబెట్టి పొదగడానికి, కర్ర చెక్కడానికి అతనికి ఆత్మ, జ్ఞానం దొరికాయని నిర్గమకాండం 31వ అధ్యాయం చెబుతుంది. అతనికీ, అతని తోటి పనివాడు అహోలీయాబుకూ ఆ విద్య ఇతరులకు నేర్పే బుద్ధి కూడా దేవుడే ఇచ్చాడని 35వ అధ్యాయం కలుపుతుంది. గుడారం వాకిట పెట్టిన ఇత్తడి గంగాళం స్త్రీలు ఇచ్చేసిన అద్దాలతో తయారైంది. ఆ కాలంలో అద్దమంటే మెరుగుపెట్టిన లోహపు బిళ్ల. జనం రోజూ పొద్దున్నే కానుకలు తెస్తూ ఉంటే, పనికి కావలసినదాని కంటే ఎక్కువైపోయిందని పనివాళ్లే వచ్చి చెప్పారు, ఇక తేవద్దని మోషే చాటింపు వేయించాడు. చాలన్న మాట వినిపించిన మందిర నిర్మాణం చరిత్రలో ఇంకొకటి ఉందో లేదో!

దీని పక్కన సొలొమోను కట్టిన ఆలయాన్ని పెట్టి చూడాలి. అక్కడా అందానికి లోటు లేదు. ఇత్తడి స్తంభాల తలల మీద తామరపూల పని, వరుసలు వరుసలుగా దానిమ్మపండ్లు, లోపల అంతా దేవదారు పలకలు, వాటి మీద బంగారు రేకు. కానీ దేవదారు మానులు నరకడానికి సొలొమోను ఇశ్రాయేలీయుల నుంచి ముప్పై వేల మందిని వెట్టికి పట్టాడని, నెలకు పది వేల మంది చొప్పున లెబానోనుకు పంపాడని మొదటి రాజుల గ్రంథం దాచకుండా చెబుతుంది. అతను చనిపోయాక జనం కొడుకు రెహబాము దగ్గరకు వెళ్లి మొదట అడిగింది తమ మీది కాడి తేలిక చేయమని. అతను వినలేదు. పది గోత్రాలు విడిపోయాయి. గుడారం ఇష్టంతో ఇచ్చిన కానుకలతో లేచింది, ఆలయం వెట్టి చేసిన చేతులతో లేచింది. రెండింటినీ అందంగానే వర్ణించిన గ్రంథం ఈ తేడాను కూడా నమోదు చేసింది.

దేవుడే చేయమన్న వస్తువు కూడా దారి తప్పగలదు. మోషే అరణ్యంలో నిలబెట్టిన ఇత్తడి సర్పాన్ని చూసి పాముకాటు తిన్నవాళ్లు బతికారు. శతాబ్దాల తర్వాత జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టించాడు. చేయమన్న ఆజ్ఞ, పగలగొట్టిన చర్య రెండూ సరైనవేనని లేఖనం అంటుంది. వస్తువు మారలేదు, దాని ముందు నిలబడినవాళ్లు మారారు.

ఈ వివాదం ఎంత లోతైనదో చూపించే ఘట్టం పన్నెండో శతాబ్దపు ఫ్రాన్స్‌లో జరిగింది. పారిస్‌కు ఉత్తరాన సాన్ డెని అనే మఠం ఉంది. ఫ్రెంచి రాజుల సమాధులు అక్కడే. 1122 నుంచి 1151 వరకు దాని మఠాధిపతి సుజేర్. పాత మందిరం జనానికి చాలడం లేదని ఆయన దాన్ని తిరిగి కట్టించాడు. 1144 జూన్ 11న బలిపీఠం ఉండే తూర్పు భాగాన్ని ప్రతిష్ఠించారు. గోథిక్ శైలి మొదలైన చోటుగా చరిత్రకారులు దీన్నే చూపిస్తారు. అంతకుముందు రాతి కప్పు బరువంతా గోడలే మోసేవి. అందుకే గోడలు మందంగా, కిటికీలు చిన్నగా, లోపల మసకగా ఉండేది. మొన తేలిన కమానులు, కప్పులో అల్లిన రాతి పక్కటెముకలు ఆ బరువును స్తంభాలకు పంపించాయి. గోడకు మోసే పని తగ్గింది. గోడ ఉండాల్సిన చోట రంగుటద్దాలు పెట్టగలిగారు.

సుజేర్ తన కట్టడం గురించి స్వయంగా రాశాడు. కప్పుకు పెద్ద దూలాలు కావలసి వచ్చినప్పుడు ఆ ప్రాంతంలో అంత మానులు దొరకవని వడ్రంగులు చెప్పేశారట. ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే కొలతలు పట్టుకొని వడ్రంగులతో అడవికి వెళ్లి, ముళ్లపొదల్లో తిరిగి, సరిగ్గా కావలసిన పన్నెండు చెట్లు వెతికి పట్టుకున్నాడు. మందిరపు ముఖద్వారానికి బంగారు పూత పూసిన కంచు తలుపులు చేయించి, వాటి మీద పద్యాలు చెక్కించాడు. బంగారాన్నీ, ఖర్చునూ చూసి ఆశ్చర్యపోవద్దు, పనితనాన్ని చూడండి అన్నది వాటిలోని ఒక మాటకు సారాంశం. పని వెలుగు మనసులను వెలిగించి నిజమైన వెలుగు దగ్గరకు నడిపించాలన్నది తర్వాతి మాట. కళ్లకు కనిపించేదాన్ని మెట్టుగా చేసుకొని కనిపించనిదాన్ని అందుకోవచ్చన్నది ఆయన నమ్మకం.

అదే కాలంలో అదే దేశంలో బెర్నార్డ్ ఉన్నాడు. క్లేర్వో మఠాధిపతి, నిరాడంబర జీవితానికి పట్టుపట్టిన సిస్టర్షియన్ అనే సన్యాసి సంఘంలో అందరికంటే పేరున్నవాడు. 1125 ప్రాంతంలో మిత్రుడైన మరో మఠాధిపతి కోసం రాసిన లేఖలో మఠాల్లోని అలంకారాల మీద విరుచుకుపడ్డాడు. గోడలకు బంగారం తొడిగి సంఘం తన పిల్లలను దిగంబరంగా వదిలేస్తోందని, చూడాలన్న ఆసక్తి ఉన్నవాళ్లకు కనువిందు దొరుకుతోంది గానీ అవసరంలో ఉన్నవాళ్లకు తిండి దొరకడం లేదని ఆయన బాధ. ఖరీదైన వస్తువులను చూసినవాళ్లు ప్రార్థన చేయరు, ఇంకా కానుకలిస్తారు, డబ్బు డబ్బును లాగుతుంది అని కూడా అన్నాడు. మఠపు వసారాల్లో స్తంభాల మీద చెక్కిన కోతులు, సింహాలు, సగం మనిషి సగం జంతువు రూపాలు, ఒక తలకు చాలా శరీరాలు, ఒక శరీరానికి చాలా తలలు, వీటన్నిటినీ వరసపెట్టి తిట్టాడు. ఇవి ఉంటే సన్యాసి పుస్తకం మానేసి పాలరాయి చదువుతూ కూర్చుంటాడని ఆయన ఫిర్యాదు. ఆ వర్ణన చదివితే ఒక సంగతి తెలిసిపోతుంది. ఆ బొమ్మల ముందు ఆయన చాలాసేపే నిలబడ్డాడు. వాటి లాగుడు ఎంతటిదో తెలిసినవాడే ఆ మాటలు రాయగలడు.

బెర్నార్డ్ మాటలను అందానికి వ్యతిరేకంగా ఉటంకించేవాళ్లు రెండు సంగతులు వదిలేస్తారు. ఆయన సన్యాసులను ఉద్దేశించి మాట్లాడాడు. సామాన్య జనం వచ్చే బిషప్పుల మందిరాల్లో భక్తి రేకెత్తించడానికి వస్తువుల అందం అవసరపడుతుందని అదే లేఖలో ఒప్పుకున్నాడు. రెండోది ఇంకా ముఖ్యమైనది: ఆయన సన్యాసులు కట్టిన మందిరాలు యూరప్‌లోని అతి అందమైన కట్టడాల్లో ఉన్నాయి. 1118లో స్థాపించిన ఫోంతెనే మఠం మందిరం 1147లో ప్రతిష్ఠించారు. దక్షిణ ఫ్రాన్స్‌లో ప్రొవాన్స్ ప్రాంతంలోని ల తొరొనే మఠం మందిరం ఆ శతాబ్దం చివరిది. సిస్టర్షియన్ నియమాల ప్రకారం కిటికీలకు రంగులేని గాజే ఉండాలి, బొమ్మలుండకూడదు, శిలువ కర్రతో చేయాలి. అన్నీ తీసేశాక మిగిలేది రాయి, కొలత, వెలుతురు. వాటి మీదే వాళ్లు ప్రాణం పెట్టారు. బొమ్మ చెక్కిన గోడలో వంకర రాయి ఉన్నా బొమ్మ చాటున దాగుతుంది, బోడి గోడలో ప్రతి అతుకూ బయటపడుతుంది. ల తొరొనేలో శబ్దం చాలాసేపు మోగుతూ ఉంటుంది. తొందరపడి పాడితే ఒక స్వరం మీద ఇంకో స్వరం పడి అంతా కలగాపులగమవుతుంది. అందరూ ఒకరినొకరు వింటూ నెమ్మదిగా పాడక తప్పదు. ఆ మందిరం పాడేవాళ్లకు ఓర్పు నేర్పుతుంది.

కాబట్టి సుజేర్, బెర్నార్డ్‌ల మధ్య తగాదా అందానికీ అనాకారితనానికీ మధ్య జరిగింది కాదు. పనిలో అశ్రద్ధను ఇద్దరిలో ఎవరూ సమర్థించలేదు. అలంకారం ఎంత ఉండాలన్నదే వాళ్ల తగాదా, పనితనం ఉండాలా వద్దా అన్నది అసలు చర్చకే రాలేదు. ఈ రెంటినీ విడదీసి చూడడమే ఈ విషయంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట. సుజేర్ తన పెద్ద బంగారు శిలువకు రత్నాలు చాలక ఇబ్బంది పడుతుంటే, సిస్టర్షియన్ మఠాల నుంచీ, ఫోంతెవ్రో అనే మరో మఠం నుంచీ సన్యాసులు వచ్చి తమకు దానంగా వచ్చిన రత్నాలను నాలుగు వందల పౌన్లకు అమ్మారని ఆయనే రాశాడు. వాళ్లకు కావలసినవి భిక్షలకు డబ్బులు, ఈయనకు కావలసినవి రాళ్లు. ఆ శిలువ ఇప్పుడు లేదు. సుజేర్ వాడిన పాత్రల్లో ఒకటి, ఎర్రగోమేధికం జాతి రాతి గిన్నెకు బంగారు వెండి పని చేయించినది, వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. ప్రభువు బల్ల మీద ఉండాల్సింది అద్దాల పెట్టెలో ఉంది.

బొమ్మల గురించిన ప్రశ్నను తూర్పు సంఘం అంతకు చాలాముందే తేల్చుకుంది, నెత్తురు కూడా చిందించింది. ఎనిమిదో శతాబ్దంలో బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు చక్రవర్తులు పవిత్ర చిత్రాలను తీయించేశారు. 787లో నిసియాలో కూడిన సభ వాటిని తిరిగి అనుమతించింది, మళ్లీ నిషేధం వచ్చింది, చివరకు 843లో చిత్రాలు శాశ్వతంగా తిరిగొచ్చాయి. చిత్రాలను సమర్థించిన వేదాంతి డమాస్కస్ యోహాను వాదన సూటిగా ఉంటుంది: కనిపించని దేవుణ్ని గీయలేం, నిజమే, కానీ ఆయన శరీరధారి అయ్యాడు, ముఖం ఉన్నవాణ్ని గీయవచ్చు. చిత్రానికి చేసే గౌరవం వేరు, దేవునికి మాత్రమే చెందే ఆరాధన వేరు అని సభ గీత గీసింది. ఆ గీత సామాన్యుడి మనసులో ఎంతవరకు నిలుస్తుందన్నది ప్రొటెస్టెంట్లు తర్వాత వేసిన ప్రశ్న. హిజ్కియా కథ తెలిసినవాళ్లు ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేరు.

డబ్బు సంగతి ఇంతకంటే పదునైనది. నాలుగో శతాబ్దం చివర అంతియొకయలో యోహాను క్రిసోస్తోము మత్తయి సువార్త మీద ప్రసంగిస్తూ, మందిరంలో క్రీస్తుకు పట్టుబట్టలు కట్టి, బయట చలికి వణికే క్రీస్తును వదిలేయకండి అన్నాడు. బల్ల మీద బంగారు గిన్నె పెట్టి, దాహమన్నవాడికి గిన్నెడు నీళ్లివ్వకపోతే ఏం లాభమని అడిగాడు. మందిరానికి కానుకలివ్వడాన్ని తప్పుపట్టడం లేదనీ, వాటితో పాటు, వాటికంటే ముందు దానం చేయమంటున్నాననీ అదే ప్రసంగంలో స్పష్టం చేశాడు. మిలాన్ బిషప్ ఆంబ్రోస్ ఆ పని చేసి చూపించాడు. గోత్ తెగవాళ్లు పట్టుకుపోయిన బందీలను విడిపించడానికి మందిరంలోని పాత్రలను కరిగించాడు. విమర్శలొస్తే, బంగారు పాత్రల కంటే బతికున్న పాత్రలను కాపాడుకోవడం మేలని జవాబిచ్చాడు.

మరి బేతనియలో జటామాంసి అత్తరు బుడ్డి పగలగొట్టి యేసు తల మీద పోసిన స్త్రీ మాటేమిటి? మూడు వందల దేనారాల పైన చేసే అత్తరు అది. ఒక దేనారం రోజు కూలి, అంటే దాదాపు ఏడాది సంపాదన. ఈ నష్టమెందుకు, అమ్మి బీదలకిస్తే పోయేది కదా అని అక్కడున్నవాళ్లు సణిగారు. యేసు ఆమె వైపు నిలబడ్డాడు, మంచి పని చేసిందన్నాడు. మందిరాల ఖర్చును సమర్థించుకోవడానికి ఈ వాక్యాన్ని చాలామంది వాడతారు. బీదలు ఎప్పుడూ మీతో ఉంటారన్న తర్వాత, మీకిష్టమైనప్పుడెల్లా వారికి మేలు చేయవచ్చు అన్న మాట మార్కు సువార్తలో ఉంది, అది మాత్రం వదిలేస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ అత్తరు ఆమెది. ఎవరి దగ్గరా వసూలు చేసింది కాదు.

పదహారో శతాబ్దంలో రోమ్‌లో సెయింట్ పీటర్స్ మందిరం కట్టడానికి డబ్బు ఎలా వచ్చిందో దీనితో పోల్చి చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. చనిపోయిన తమవాళ్లు బాధపడుతున్నారన్న భయంతో జర్మనీలోని బీదవాళ్లు పాపపరిహార పత్రాలు కొన్నారు. సంఘ సంస్కరణకు నాంది పలికిన జర్మన్ సన్యాసి లూథర్ 1517లో రాసిన 95 సిద్ధాంతాల్లో యాభయ్యోది, ఆ వసూళ్ల తీరు పోపుకు తెలిస్తే, తన గొర్రెల చర్మంతో, మాంసంతో, ఎముకలతో మందిరం కట్టడం కంటే అది బూడిదైపోవడమే మేలనుకుంటాడు అంటుంది. ఎనభై ఆరోది, అంత సంపన్నుడైన పోపు బీద విశ్వాసుల డబ్బుతో కాక తన డబ్బుతో ఎందుకు కట్టడని అడుగుతుంది. ఆ మందిరం మీద మైకెలాంజెలో పని చేశాడు. అతని పనితనంలో లోపం వెతకలేం. అయినా దాని ఖర్చు పశ్చిమ సంఘం చీలికకు ఒక కారణమైంది. సొలొమోను తర్వాత జరిగినదే మళ్లీ జరిగింది.

సంస్కర్తలందరూ ఒకలా ఆలోచించలేదు. లూథర్ పాటను గుండెకు హత్తుకున్నాడు. ఆ దారిలోనే రెండు వందల ఏళ్ల తర్వాత లైప్‌జిగ్‌లో సంగీతకర్త బాఖ్ ఆదివారాల కోసం కాంటాటాలు, అంటే గాయకులూ వాద్యాలూ కలిసి వినిపించే ఆరాధన గీతాలు కూర్చాడు, చాలా ప్రతుల చివర 'దేవునికే మహిమ' అనే అర్థమిచ్చే మూడు లాటిన్ అక్షరాలు రాశాడు. జూరిక్‌లో మరో సంస్కర్త జ్వింగ్లీ మాత్రం 1524లో మందిరాల నుంచి బొమ్మలు తీయించి, గోడలకు సున్నం కొట్టించాడు, ఆర్గన్లు మూగపోయాయి. ఆయనకు సంగీతం తెలియక కాదు. చాలా వాద్యాలు బాగా వాయించగలిగినవాడు. బెర్నార్డ్‌కు శిల్పం ఎంత బలంగా లాగేదో జ్వింగ్లీకి సంగీతం అంత బలంగా లాగేదేమో. వీళ్లకు చాలాముందే, తొలి శతాబ్దాల సంఘ గురువు అగస్టీను తన ఆత్మకథలో ఇదే గుబులు చెప్పుకున్నాడు. మిలాన్‌లో కీర్తనలు విని ఏడ్చిన రోజులు ఆయనకు గుర్తున్నాయి. పాడిన విషయం కంటే పాట తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమేననీ, అలాంటప్పుడు పాట వినకపోయినా బాగుండేదనీ అనుకున్నాడు. చివరకు పాట ఉండడమే మేలన్న వైపు మొగ్గాడు, కానీ గుబులు పోలేదు. ఈ భయాన్ని నేను గౌరవిస్తాను. దాన్ని అనుభవించని పాటగాడు ఆరాధన నడిపించకపోవడమే మంచిది.

తెలుగులో ఈ చిక్కుకు దొరికిన గొప్ప జవాబు కీర్తన. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి కవులు సువార్తను కర్ణాటక రాగాల్లోకి తెచ్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఇందులోని పనితనం పైకి కనిపించదు. పల్లవి చిన్నగా, నాలుక మీద నిలిచేలా ఉంటుంది. ఒకరు చరణం పాడితే చదువు రాని సంఘమంతా పల్లవితో అందుకుంటుంది. చరణాల్లో యతిప్రాసల పట్టు ఉంటుంది కాబట్టి పుస్తకం లేకుండానే వరస జ్ఞాపకం ఉంటుంది. సిలువ వృత్తాంతమంతా అక్షరం రాని అవ్వల నోట పాటగా బతికింది. అందం ఇక్కడ వాక్యానికి అడ్డు రాలేదు, వాక్యాన్ని మోసుకెళ్లింది. అగస్టీను గుబులుకు ఇంతకంటే మంచి సమాధానం నాకు తెలియదు.

ఇక ఎవరి అందం అన్న ప్రశ్న. దీనికి తెలంగాణలోనే రెండు రాతి జవాబులున్నాయి. మెదక్ మందిరం చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ కట్టించింది. పదేళ్ల పని. కరువు రోజుల్లో కూలి దొరకని జనానికి ఆ పని ఆధారమైందని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. గంటల గోపురం 175 అడుగులు. శైలి పూర్తిగా గోథిక్, అంటే సుజేర్ సాన్ డెనిలో మొదలుపెట్టిన దారి ఎనిమిది వందల ఏళ్లకు మెదక్ చేరింది. యేసు జననం, సిలువ, ఆరోహణం చూపించే మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు బ్రిటిష్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన. రంగుటద్దం గోడకు వేసిన చిత్రం లాంటిది కాదు. గాజు కరిగేటప్పుడే కోబాల్టు, రాగి వంటి లోహాల భస్మాలు కలుపుతారు, రంగు గాజు ఒంట్లోనే ఉంటుంది. ముఖాల గీతలను వేరే రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు. ముక్కలను సీసపు పట్టీలతో అతుకుతారు. బయట ఎండ ఉంటేనే బొమ్మ లోపలికి కనిపిస్తుంది. పొద్దు కుంకితే సీసపు గీతలూ నల్లటి గాజూ మిగులుతాయి. దీపం పెట్టి లోపల నుంచి వెలిగించలేని చిత్రం అది. వెలుగు అవతలి నుంచి రావాలి.

డోర్నకల్ మందిరం కథ వేరు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చాడు, 1912లో బిషప్ అయ్యాడు. ఆయన కట్టించిన మందిరంలో గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును గుర్తుకు తెచ్చే గుమ్మటాలు, మినార్లు ఉన్నాయి. ఏళ్ల తరబడి సాగిన పని 1939 జనవరి 6న ప్రతిష్ఠతో పూర్తయింది. అది ప్రత్యక్షత పండుగ రోజు, మందిరం పేరూ అదే. తూర్పు జ్ఞానులు తమ దేశపు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చి శిశువు ముందు పెట్టిన దినం. తమ నేల సొత్తును తెచ్చి పెట్టడమే ఆరాధన అన్న వాదనను అజరయ్య రాతితో చేశాడు. గోవాలో చిత్రకారుడు ఆంజెలో ద ఫోన్సెకా మరియమ్మకు చీర కట్టి గీసినందుకు సొంత ఊరి కాథలిక్కులే మండిపడ్డ కాలం అది.

చాలామంది రచయితలు ఇక్కడ ఆగి, మెదక్ పరాయిది, డోర్నకల్ మనది అని తీర్పు చెప్పేస్తారు. అంత తేలిక కాదు. డోర్నకల్ సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. ఏ గుడి మండపాల్లోకి తాత ముత్తాతలను అడుగు పెట్టనివ్వలేదో, అలాంటి స్తంభాల మధ్య వాళ్లు ప్రభువు బల్ల దగ్గరకు నడిచారు. దాన్ని రెండు విధాలా చదవవచ్చు. మాకు కాదన్నదాన్ని మేమే కట్టుకున్నాం అన్న ధీమాగా చదవవచ్చు. లేదా భారతీయత అనగానే అగ్రవర్ణాల అందమే గుర్తుకు రావాలా అని అడగవచ్చు. 1980లలో అరవింద్ నిర్మల్ వంటి దళిత వేదాంతులు ఈ రెండో ప్రశ్ననే భారతీయ క్రైస్తవ వేదాంతమంతటికీ వేశారు. ఆ కోణం నుంచి చూస్తే మెదక్ గోథిక్ కమానులో ఒక విడుదల కనిపిస్తుంది, ఎందుకంటే ఆ రూపం ఊరి కులాల మెట్లలో ఎక్కడా లేదు. అక్కడ ఎవరూ ఎవరినీ గుమ్మం బయట నిలబెట్టిన జ్ఞాపకం లేదు.

డప్పు విషయంలో ఇది మరింత స్పష్టమవుతుంది. చావుకు, చాటింపుకు మాత్రమే పనికొస్తుందని ఊరు ముద్ర వేసిన వాద్యం అది. చర్మం సాపు చేయడం, వలయానికి బిగించడం, నిప్పు సెగకు కాచి శ్రుతి తేవడం తరాల విద్య. అయినా చాలాకాలం మందిరాలు హార్మోనియాన్ని, తబలాను ఆదరించినట్టు డప్పును ఆదరించలేదు. ఇప్పుడు కొన్ని సంఘాల్లో అది ఆరాధనలో మోగుతోంది. కీర్తన కర్ణాటక రాగంలో ఉండవచ్చు, డప్పు దరువుతో కూడా ఉండవచ్చు. రెండూ విద్యలే. బెసలేలును నింపిన ఆత్మకు ఇందులో ఒకటి పవిత్రం, ఒకటి మైల అని అనుకోవడానికి లేఖనంలో నాకు ఆధారం కనిపించలేదు.

1963లో కాథలిక్ బిషప్పుల రెండో వాటికన్ సభ ఆరాధన గురించిన తన పత్రంలో, పవిత్ర కళ కేవలం ఆడంబరాన్ని కాక ఉదాత్తమైన సౌందర్యాన్ని వెతకాలని చెప్పింది. సుజేర్, బెర్నార్డ్ ఇద్దరూ సంతకం పెట్టగల మాట. ఈ రోజు మన మందిరాలను ఆ మాట పక్కన పెట్టి చూస్తే నాకు దిగులేస్తుంది. ఖర్చు తగ్గలేదు, పనితనం తగ్గింది. బలిపీఠం వెనక ఏటేటా మార్చే ఫ్లెక్సీ, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ పూలు, రంగులు మారే దీపాల వరుస, కీబోర్డులో ముందే నింపి ఉన్న తాళం, నూరు మంది కూర్చునే గదిలో వెయ్యి మందికి సరిపడే స్పీకర్లు. ఆ శబ్దంలో పక్కవాడి గొంతు వినిపించదు. తన గొంతే తనకు వినిపించదు. సంఘం పాడడం మానేసి వినడం మొదలుపెడుతుంది. బెర్నార్డ్ భయపడ్డ పరధ్యానమూ ఇందులో ఉంది, క్రిసోస్తోము కోప్పడ్డ ఖర్చూ ఉంది, సుజేర్ మెచ్చుకున్న పని మాత్రం లేదు.

చిన్న ఊళ్లో చిన్న మందిరం కట్టేవాళ్లకు చేయదగినవి చాలా ఉన్నాయి. ఉదయపు ఎండ ఎటు నుంచి వస్తుందో చూసి కిటికీ పెట్టడానికి అదనపు ఖర్చు లేదు. నున్నటి సిమెంటు గోడలు ఎదురెదురుగా ఉంటే మాట మోగి చెదిరిపోతుంది. పైకప్పు రూపం ముందే ఆలోచిస్తే, గోడకు కాస్త గరుకు ఇస్తే మైకు అవసరమే సగం తగ్గుతుంది. ప్రభువు బల్లను కొట్టులో కొనకుండా ఊరి వడ్రంగితో మంచి టేకుతో చేయించవచ్చు. బల్ల మీద పరిచే గుడ్డ పోచంపల్లి నేతగాళ్లో, మంగళగిరి నేతగాళ్లో నేసిందైతే పండుగలకు రంగు గుడ్డలు ఏటా కొననక్కర్లేదు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద పని చేసే కుటుంబాలున్నాయి, శిలువో, కానుకల పళ్లెమో వాళ్లు చేయగలరు. వాళ్లు క్రైస్తవులా కాదా అన్నది అడ్డు కానక్కర్లేదు. సొలొమోను ఇత్తడి పనికి తూరు పట్టణం నుంచి హీరామును పిలిపించుకున్నాడు, అతని తండ్రి తూరువాడు, తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలు. అయితే అడగవలసిన కూలి అడగనివ్వాలి, బేరమాడి దేవుని పని కదా అని తగ్గించకూడదు. క్రిస్మస్‌కు వారం ముందు పరుగెత్తుకెళ్లకుండా, మగ్గం మీద పోగు ఎక్కించడానికీ, కర్ర ఎండడానికీ పట్టే నెలలు లెక్కవేసుకొని ముందే చెప్పాలి.